ఐస్కజీ క్యూ డెప్త్ 32 నుంచి ఎంతకి పెంచాలి?

ఐస్కజీ అంటే నెట్‌వర్కు అవతల ఉన్న డిస్కుని సొంత డిస్కులా వాడుకునే పద్ధతి, క్యూ డెప్త్ అంటే జవాబు రాకముందే ఒకేసారి పంపి ఉంచగల కమాండ్ల సంఖ్య. ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి, నాకు అర్థమైనది ముందు చెప్తాను. తేడా ఉంటే సరిదిద్దండి.

మూడు లినక్స్ హోస్టులు (స్టోరేజ్ వాడుకునే సర్వర్లు), ఒక స్టోరేజ్ బాక్స్, మధ్యలో 10 గిగాబిట్ స్విచ్. స్టోరేజ్ వైపు లినక్స్ కెర్నెల్‌లోనే ఉండే ఎల్ఐఓ టార్గెట్ (డిస్కులు అందించే సాఫ్ట్‌వేర్), హోస్టుల వైపు ఓపెన్-ఐస్కజీ (వాటిని అందుకునే సాఫ్ట్‌వేర్). 8 సాటా ఎస్ఎస్‌డీల రెయిడ్ 10 (అనేక డిస్కులని ఒకటిగా కలిపే పద్ధతి) మీద డేటాబేస్ లన్ (హోస్టుకి ఒక డిస్కులా కనిపించే భాగం), 6 హార్డ్ డిస్కుల రెయిడ్ 6 మీద బ్యాకప్ లన్. రెండూ ఒకే టార్గెట్ పేరు కింద ఉన్నాయి. డిఫాల్ట్ సెట్టింగులతో ఎఫ్ఐఓ (డిస్కు వేగం కొలిచే టూల్) టెస్టు పెడితే 4 కేబీ ర్యాండమ్ రీడ్ 52 వేల ఐఓపీఎస్ (సెకనుకు ఎన్ని రీడ్లు, రైట్లు అన్న లెక్క) దగ్గర ఆగిపోయింది. క్యూ డెప్త్ 32 అని చూసి కాన్ఫిగ్ ఫైల్లో 1024 చేశారు, ఏమీ మారలేదు. తర్వాత నోడ్ రికార్డులు (ఒక్కో టార్గెట్‌కి హోస్టు దాచుకునే సెట్టింగులు) చెరిపేసి మళ్లీ డిస్కవరీ (టార్గెట్లని వెతకడం) చేశారు, సెషన్ (హోస్టు టార్గెట్‌లోకి లాగిన్ అయి నడిపే కనెక్షన్) పరిమితి 2048, టార్గెట్ వైపు 512 చేశారు. టెస్టు 88 వేలకు ఎగబాకింది. ఆ రాత్రి బ్యాకప్ మొదలవగానే డేటాబేస్ కమిట్లు (మార్పులని డిస్కులో ఖాయం చేయడం) 2 మిల్లీసెకన్ల నుంచి అర సెకను దాటాయి. లాగ్‌లో '5 సెకన్ల పింగ్ టైమౌట్ అయిపోయింది' అన్న మెసేజ్ వచ్చింది. మళ్లీ 32కి వెళ్లాలా, మధ్యలో మంచి నంబరు ఏదైనా ఉందా అన్నది మీ ప్రశ్న.

నా జవాబు ఇదీ. డేటాబేస్ లన్‌కి 64 చాలు, బ్యాకప్ లన్‌కి 16 చాలు. ఈ నంబర్ల కన్నా ముఖ్యం, రెండు లన్‌లనీ వేర్వేరు టార్గెట్ పేర్ల కిందకి మార్చి వేర్వేరు సెషన్లలో నడపడం. అది చేయకుండా నంబర్లు ఎటు తిప్పినా మళ్లీ ఇదే ప్రశ్నతో వస్తారు.

ఇక ఎందుకో చెప్తాను.

చిన్నప్పుడు మా ఊళ్లో పిండిమర దగ్గర డబ్బాలు వరుసలో పెట్టి ఇంటికి వచ్చేసేవాళ్లం. వరుసలో ఒక్క డబ్బానే ఉంటే మర ఆయనకి ఎంచుకోవడానికేమీ ఉండదు. గోధుమలు, ఆ తర్వాత మిరపకాయలు, మళ్లీ గోధుమలు వస్తే ప్రతిసారీ మర శుభ్రం చేసుకోవాలి. ముప్పై డబ్బాలు ముందుంటే గోధుమలన్నీ ఒకసారి, బియ్యమన్నీ ఒకసారి, కారం చివర్లో ఆడిస్తాడు. మర ఖాళీగా తిరగదు, పని తొందరగా తెములుతుంది. అదే మూడు వందల డబ్బాలు పెట్టనిచ్చాడనుకోండి. మర వేగం పెరగదు. అరకిలో పిండి కోసం వచ్చిన ముసలావిడ మాత్రం సాయంత్రం దాకా కూర్చుంటుంది. మీ బ్యాకప్ ఆ మూడు వందల డబ్బాలు, మీ డేటాబేస్ కమిట్ ఆ ముసలావిడ.

క్యూ పరిమితి చేసేది అంతే. డిస్కుకి ఖాళీ దొరక్కుండా, క్రమం మార్చుకునే వీలు ఉండేలా కొన్ని కమాండ్లు దాని ముందు పెడుతుంది. అవసరానికి మించి పెట్టినవి వేగాన్నివ్వవు, నిరీక్షణని హోస్టు నుంచి స్టోరేజ్ బాక్స్‌లోకి తరలిస్తాయి. హోస్టులో ఆగి ఉన్న కమాండుకి షెడ్యూలర్ ప్రాధాన్యం ఇవ్వగలదు, ముందుకు జరపగలదు. టార్గెట్‌లోకి వెళ్లిపోయాక దాని మీద మీ హోస్టుకి ఏ పట్టూ ఉండదు.

సరే, ఎన్ని కావాలి? దీనికి 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒక్కటి చాలు. ఒక సమయంలో వ్యవస్థలో ఉన్న పనులు, సెకనుకు వచ్చే పనులని ఒక్కో పనికి పట్టే సమయంతో గుణిస్తే వస్తాయి. మీరే ఇచ్చిన అంకెలతో చూద్దాం. డెప్త్ 1తో టెస్టు పెట్టినప్పుడు ఒక్కో రీడ్‌కి 0.4 మిల్లీసెకను వచ్చిందన్నారు. అంటే క్యూ లేనప్పుడు నెట్‌వర్కు, టార్గెట్, ఎస్ఎస్‌డీ అన్నీ కలిపి పట్టే అసలు సమయం అది. డిఫాల్ట్ 32తో 52 వేలు వచ్చాయి, ఒక్కోదానికి 0.6 మిల్లీసెకను. పరిమితులు తీసేసి ఎఫ్ఐఓలో 128 పెడితే 88 వేలు వచ్చాయి. 128ని 88 వేలతో భాగించండి, దాదాపు 1.45 మిల్లీసెకను. వేగం 1.7 రెట్లు అయింది, ఒక్కో రీడ్ ఆలస్యం 2.4 రెట్లు అయింది. దీన్ని లాభం అనాలా నష్టం అనాలా అన్నది మీ అప్లికేషన్ చెప్పాలి.

ఇంకో లెక్క. ఈ బాక్స్ గరిష్ఠంగా 88 వేలు ఇస్తుందనుకుందాం. 88 వేలు ఇంటూ 0.4 మిల్లీసెకను, 35. నిరీక్షణ ఏమీ లేకుండా ఈ బాక్స్‌ని నిండుగా నడపడానికి సిద్ధాంతం ప్రకారం కావాల్సింది మొత్తం 35 కమాండ్లే. నిజ జీవితంలో పనులు సమంగా రావు కాబట్టి దానికి రెండు మూడు రెట్లు పెట్టుకోవాలి. అయినా వంద చుట్టుపక్కలే. మూడు హోస్టులకి తలా 32 ఇస్తే 96. డిఫాల్ట్ పెట్టినవాళ్లు మీ బాక్స్‌ని చూసి పెట్టలేదు గానీ, మీ విషయంలో మరీ దూరంగా కూడా లేరు.

అన్నిటికన్నా ముఖ్యమైన అంకెని మీరు ప్రశ్న చివర్లో, ఏదో అదనపు సమాచారంలా రాశారు. పగలు రద్దీ వేళ డేటాబేస్ హోస్టు చేసేది 9 వేల ఐఓపీఎస్. 9 వేలు ఇంటూ 0.4 మిల్లీసెకను, నాలుగు కూడా కాదు. సగటున మీకు కావాల్సింది నాలుగు స్థానాలు. మీరు 32 సరిపోవట్లేదని 1024 పెట్టారు. ఎఫ్ఐఓకి సరిపోలేదు, నిజమే. డేటాబేస్‌కి ఎప్పుడు సరిపోలేదు?

కోప్పడకండి, నేనూ చేశాను ఈ పని. కొన్నేళ్ల కిందట ఒక క్లయింట్ దగ్గర కొత్త స్టోరేజ్ అప్పగించే రోజు, డెమోలో పెద్ద నంబరు చూపించాలన్న ఉత్సాహంలో దొరికిన ప్రతి పరిమితినీ చివరిదాకా లాగాను. చప్పట్లు కొట్టారు. నెలాఖరున జీతాల లెక్కలు నడుస్తుంటే బ్యాకప్ కూడా మొదలైంది. కనెక్షన్లు తెగి, రెండు ఫైల్ సిస్టమ్స్ రీడ్-ఓన్లీ అయిపోయాయి. అర్ధరాత్రి రెండింటికి ఫోన్. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మీకిప్పుడు తెలుసు. అప్పటి నుంచి ఎఫ్ఐఓ నంబరు కోసం పరిమితి మార్చడం మానేశాను.

అయితే 64 ఎందుకు చెప్పానని అడుగుతారు. సగటు అంకె పోటుని దాచేస్తుంది. డేటాబేస్ చెక్‌పాయింట్ (మెమరీలో పోగైన మార్పులని డిస్కుకి దింపడం) రాసేటప్పుడు కొన్ని సెకన్ల పాటు వందల రైట్లు ఒక్కసారిగా వస్తాయి. అప్పుడు 32 కాస్త ఇరుకు కావచ్చు. పైగా సాటా ఎస్ఎస్‌డీ ఒక్కోటి తన లోపల 32 కమాండ్ల వరకే పట్టుకోగలదు, సాటా క్యూ పద్ధతి హద్దే అంత. ఎనిమిది డిస్కులకి 256. మూడు హోస్టులు తలా 64 చొప్పున ఒకేసారి విరుచుకుపడినా 192, ఇంకా లోపలే ఉంటారు. మీరిప్పుడు పెట్టిన 512 లెక్కన అయితే 1536. డిస్కులు పట్టుకోగలిగినదానికి ఆరు రెట్లు. మిగతావన్నీ ఎక్కడుంటాయి? టార్గెట్ మెమరీలో, ఒకదాని వెనక ఒకటి.

ఇప్పుడు మీ మొదటి ప్రయత్నం ఎందుకు పని చేయలేదో చూద్దాం. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. దారిలో గేటు ఒక్కటే కాదు, కనీసం మూడున్నాయి. అన్నిటికన్నా ఇరుకైనదే లెక్క.

మొదటిది లన్ గేటు. ఓపెన్-ఐస్కజీలో ఒక్కో లన్‌కి క్యూ డెప్త్, డిఫాల్ట్ 32, గరిష్ఠం 1024. రెండోది సెషన్ గేటు, ఒక సెషన్ మొత్తం మీద ఎన్ని కమాండ్లు అన్నది, డిఫాల్ట్ 128, గరిష్ఠం 2048. ఇది రెండు యొక్క ఘాతంగానే ఉండాలి, అంటే 128, 256, 512 ఇలా. ఆ సెషన్లో కనిపించే లన్‌లన్నీ పంచుకునేది ఈ రెండో దాన్నే. మూడోది టార్గెట్ గేటు. ఐస్కజీలో ప్రతి జవాబుతోపాటు టార్గెట్ 'ఇంకా ఈ నంబరు కమాండు వరకే పంపు' అని చెప్తుంది. 2004లో వచ్చిన మొదటి ప్రమాణంలోనే ఉన్న ఏర్పాటు ఇది. ఇలా ఒకేసారి పంపనిచ్చే కమాండ్ల హద్దుని కిటికీ అందాం. ఎల్ఐఓలో ఆ కిటికీ డిఫాల్ట్ 64, గరిష్ఠం 512. అంటే హోస్టులో 1024 అని రాసుకున్నా, టార్గెట్ 64 దగ్గర చెయ్యి అడ్డం పెడుతుంది. హోస్టులో మీరు చూసే ఏ ఫైల్లోనూ ఈ 64 రాసి ఉండదు. అందుకే జనం గంటలు గంటలు వెతుక్కుంటారు.

దీనికి తోడు కాన్ఫిగ్ ఫైలు సంగతి. ఐస్కజీడీ కాన్ఫిగ్ ఫైల్లో ఉన్నది ఇకముందు డిస్కవరీ చేసే టార్గెట్లకి అచ్చు లాంటిది. ఒకసారి డిస్కవరీ అయ్యాక ప్రతి టార్గెట్‌కీ తన సొంత నోడ్ రికార్డు ఉంటుంది, లాగిన్ అయినప్పుడు చదివేది దాన్నే. మీరు అచ్చు మార్చారు, పోసేసిన బొమ్మ మారలేదు. రికార్డు చెరపాల్సిన పని కూడా లేదు, ఐస్కజీ అడ్మిన్ కమాండులో అప్‌డేట్ ఆపరేషన్‌తో ఆ ఒక్క విలువ మార్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితే సరిపోయేది.

ఎల్ఐఓలోనూ ఇలాంటి మెలికే ఉంది. టార్గెట్ పోర్టల్ గ్రూపులో (టార్గెట్ సెట్టింగులుండే చోటు) కిటికీ సైజు మారిస్తే అది కొత్తగా సృష్టించే ఏసీఎల్‌లకి (ఏ హోస్టుని లోపలికి రానివ్వాలో చెప్పే ఎంట్రీలు) వర్తిస్తుంది. ముందే ఉన్న హోస్టు ఏసీఎల్ తాను పుట్టినప్పటి విలువనే పట్టుకుని ఉంటుంది. ఏసీఎల్ తీసేసి మళ్లీ పెట్టడం నాకు తేలికైన దారి అనిపించింది. ఆ హోస్టు సెషన్ మాత్రం తెగుతుంది, ముందే ఖాళీ చేసుకోండి. ఎల్ఐఓని సెట్ చేసే టార్గెట్‌సీఎల్ఐ టూల్లో సేవ్ కాన్ఫిగ్ మర్చిపోతే రీబూట్ తర్వాత మొత్తం పాతదే. చెప్పనక్కర్లేదు గానీ, నేను రెండుసార్లు మర్చిపోయాను.

ఇప్పుడు ఆ రాత్రి జరిగినదాని దగ్గరికి వద్దాం.

డిఫాల్ట్‌లలో ఒక పొందిక ఉంది, గమనించారా? లన్‌కి 32, సెషన్‌కి 128. ఏ ఒక్క లన్నూ సెషన్ మొత్తాన్ని మింగలేదు, నాలుగింట ఒక వంతే తీసుకోగలదు. టార్గెట్ కిటికీ 64 అనుకున్నా సగమే. మీరు లన్‌కి 1024 పెట్టారు, కిటికీ 512. ఇక బ్యాకప్ లన్ ఒక్కటే కిటికీలోని 512 స్థానాలనీ నింపేయగలదు. నింపేసింది కూడా. ఒక్కో బ్యాకప్ రైట్ అర ఎంబీ అనుకుంటే 512 రైట్లు 256 ఎంబీ. మీ రెయిడ్ 6 సెకనుకు 150 ఎంబీ రాస్తుందన్నారు. అంటే ఏ క్షణంలో చూసినా ఆ లైనులో 1.7 సెకన్ల పని పోగుపడి ఉంటుంది. డేటాబేస్ కమిట్ వేరే డిస్కులకి వెళ్లాల్సిందే, ఆ ఎస్ఎస్‌డీలు ఖాళీగానే ఉన్నాయి. కానీ లోపలికి వెళ్లే ద్వారం ఒక్కటే, దాని నిండా హార్డ్ డిస్కు సరుకు. అదే డిఫాల్ట్ 32తో అయితే బ్యాకప్ పట్టుకునేది 16 ఎంబీ, పదో వంతు సెకను పని. బ్యాకప్ వేగం అప్పుడూ 150 ఎంబీయే, ఇప్పుడూ 150 ఎంబీయే. పాత బ్యాకప్ లాగ్‌లో మొత్తం సమయం పోల్చి చూడండి.

పింగ్ టైమౌట్ కూడా ఇందులోంచే పుట్టింది. అవతలి నుంచి 5 సెకన్లు ఏమీ రాకపోతే ఓపెన్-ఐస్కజీ ఒక పింగ్ పంపుతుంది, ఇంకో 5 సెకన్లలో జవాబు లేకపోతే కనెక్షన్ చచ్చిపోయిందనుకుని తెంచేస్తుంది. టార్గెట్‌లో కమాండ్లు అందుకునే త్రెడ్ డిస్కు క్యూలో చోటు కోసం ఆగిపోతే, దాని వెనక వచ్చిన పింగ్ కూడా అక్కడే ఆగుతుంది. నెట్‌వర్కు బాగానే ఉంది. స్విచ్ మార్చకండి, కేబుళ్లు మార్చకండి. పింగ్ టైమౌట్ పెంచమని సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు. అది జ్వరం తగ్గలేదని థర్మామీటర్ పారేయడమే.

కాబట్టి చేయాల్సింది ఇదీ. బ్యాకప్ లన్‌లకి కొత్త టార్గెట్ పేరు సృష్టించండి. దాంతో దానికి వేరే సెషన్, వేరే టీసీపీ కనెక్షన్, వేరే కిటికీ వస్తాయి. ఆ నోడ్ రికార్డులో క్యూ డెప్త్ 16 పెట్టండి, సెషన్ పరిమితి డిఫాల్ట్ 128 ఉండనీయండి. వరుసగా రాసే పెద్ద రైట్లకి 16 ధారాళంగా సరిపోతుంది. నమ్మకం లేకపోతే 8తో కూడా ఒకసారి చూడండి, ఆశ్చర్యపోతారు. డేటాబేస్ టార్గెట్‌కి క్యూ డెప్త్ 64, సెషన్ 128, టార్గెట్ కిటికీ 128. ఒక హోస్టుకి ఎస్ఎస్‌డీ లన్‌లు రెండుంటే కూడా ఇది చాలు. మల్టీపాత్ (ఒకే లన్‌కి ఒకటికి మించిన నెట్‌వర్కు దారులు) వాడుతుంటే ఒక్కో దారి ఒక్కో సెషన్ అని గుర్తుంచుకోండి. రెండు దారులుంటే లన్‌కి 64 కాస్తా 128 అవుతుంది, అప్పుడు దారికి 32 చాలు.

మార్చే ముందు సెషన్ తెంచకుండానే పరీక్షించుకునే వీలుంది. సిస్ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ సెట్టింగులు ఫైళ్లలా కనిపించే చోటు) ఆ డిస్కు డివైస్ ఫోల్డరులో క్యూ డెప్త్ అన్న ఫైలు ఉంటుంది. అందులో నంబరు రాస్తే వెంటనే అమల్లోకి వస్తుంది, మళ్లీ లాగిన్ అయినప్పుడు పోతుంది. 8, 16, 32, 64, 128 ఇలా మారుస్తూ ఒక్కోచోట ఎఫ్ఐఓ రెండు మూడు నిమిషాలు నడపండి. ఐఓపీఎస్ ఒక కాలమ్, 99వ పర్సంటైల్ లేటెన్సీ (వందలో 99 పనులు ఎంత సమయంలోపు పూర్తయ్యాయో ఆ ఆలస్యం) ఇంకో కాలమ్ రాసుకోండి. సగటు లేటెన్సీ చూడొద్దు, అది అబద్ధం చెప్పదు గానీ నిజం దాస్తుంది. ఎక్కడ ఐఓపీఎస్ పదో పరకో శాతం పెరిగి లేటెన్సీ రెట్టింపు అయిందో, దానికి ముందు మెట్టు మీ నంబరు. డేటాబేస్ లన్ మీద టెస్టు నడుస్తుండగానే బ్యాకప్ కూడా నడపండి. విడివిడిగా చేసిన టెస్టులు మిమ్మల్ని ఒకసారి మోసం చేశాయి కదా.

ఎఫ్ఐఓలో డైరెక్ట్ ఆప్షన్ 1 పెట్టారో లేదో చూసుకోండి. లేకపోతే పేజీ కాష్ (డిస్కు డేటాని మెమరీలో దాచే చోటు) మధ్యలోకి వస్తుంది, ఒకేసారి చాలా కమాండ్లు పంపాల్సిన లిబ్ఏఐఓ ఇంజిన్ కూడా నిజానికి ఒకదాని తర్వాత ఒకటిగానే పంపుతుంది. ఇంజిన్ పీసింక్ (ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి పంపేది) అయితే ఐఓ డెప్త్ ఎంత రాసినా అది 1 కిందే లెక్క. 'డెప్త్ 256 పెట్టినా వేగం పెరగట్లేదు' అని వచ్చే ప్రశ్నల్లో సగం ఇవే.

అసలు సెషన్ పరిమితి ఎంత అమల్లో ఉందో తెలియాలంటే సిస్ఎఫ్ఎస్‌లోనే ఎస్‌సీఎస్ఐ హోస్ట్ ఫోల్డరులో క్యాన్ క్యూ అన్న ఫైలు చూడండి. 128 పెట్టినా అక్కడ కొంచెం తక్కువ కనిపించవచ్చు, కంగారు పడకండి. సెషన్ నిర్వహణ కమాండ్ల కోసం కొన్ని స్థానాలు పక్కన ఉంచుతుంది. డిస్కుల పని చూపించే ఐఓస్టాట్ టూల్లో చూడాల్సినవి సగటు క్యూ సైజు, రీడ్, రైట్ వెయిట్ సమయాలు. యుటిలైజేషన్ వంద శాతం అని చూసి భయపడొద్దు. ఒకేసారి అనేక పనులు చేసే స్టోరేజ్‌కి ఆ శాతం 'ఎప్పుడూ కనీసం ఒక పని ఉంది' అని మాత్రమే చెప్తుంది.

మీ ప్రశ్న కింద ఒకరు, నెట్‌వర్కు మీద స్టోరేజ్ ఇచ్చే వేరే పద్ధతులైన ఎన్ఎఫ్ఎస్‌కీ (ఫైళ్లు పంచేది), ఎన్‌వీఎంఈ ఓవర్ టీసీపీకీ (ఐస్కజీలాగే డిస్కులు ఇచ్చేది) ఇదే వర్తిస్తుందా అని అడిగారు. గేట్ల పేర్లు మారతాయి. ఎన్ఎఫ్ఎస్‌లో మొదట చూడాల్సింది సర్వర్ త్రెడ్లు, చాలాకాలం 8 డిఫాల్ట్‌గా ఉంది, పెద్ద సర్వర్లకి అది నిజంగానే తక్కువ, అక్కడ పెంచమనే చెప్తాను. ఎన్‌వీఎంఈ ఓవర్ టీసీపీలో ఒక్కో క్యూకి 128 డిఫాల్ట్, పైగా క్యూలు సీపీయూ కోర్ల లెక్కన అనేకం ఉంటాయి కాబట్టి మొత్తం ఊహించనంత పెద్దదవుతుంది. అక్కడ పెంచాల్సిన అవసరం నాకింతవరకు రాలేదు.

ముందు ఈ రాత్రి బ్యాకప్ మొదలయ్యేలోపు, ఏదీ తెంచకుండా, ప్రతి హోస్టులో బ్యాకప్ డిస్కు క్యూ డెప్త్‌ని సిస్ఎఫ్ఎస్‌లో 16కి దించేయండి. ఒక్క లైను పని. టార్గెట్లు విడదీయడం ఆదివారం తీరిగ్గా చేసుకోవచ్చు. రేపు పొద్దున కమిట్ టైములు, బ్యాకప్‌కి పట్టిన మొత్తం సమయం ఇక్కడ పెట్టండి. మల్టీపాత్ ఉందో లేదో కూడా రాయండి, మీ ప్రశ్నలో అది కనిపించలేదు.